రాస్ప్‌బెర్రీ పై మీద పాత గేముల ఎమ్యులేటర్లు బిల్డ్ చేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎమ్యులేటర్ అంటే పాత గేమ్ మెషిన్లను అనుకరించే ప్రోగ్రామ్. రెట్రోఆర్క్ (చాలా ఎమ్యులేటర్లను ఒకేచోట నడిపే ప్రోగ్రామ్), దాని కోర్లు (అందులో నడిచే ఒక్కో ఎమ్యులేటర్), ఆర్కేడ్ గేముల ఎమ్యులేటర్లైన మేమ్, ఎఫ్‌బీనియో లాంటి వాటిని రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు మీదే సోర్స్ కోడ్ నుంచి తయారు చేసుకునేవాళ్ల కోసం, అంటే కంపైల్ లేదా బిల్డ్ చేసుకునేవాళ్ల కోసం ఈ పేజీ. ఎక్కడ ఎక్కువమంది ఇరుక్కుంటారో అక్కడ ఎక్కువ రాశాను. కమాండ్ల పేర్లు చదవడానికి వీలుగా తెలుగులో ఉన్నాయి, టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.

అసలు కంపైల్ చేయాల్సిన అవసరం ఉందా?

చాలామందికి లేదు. మారియో, కాంట్రా ఆడుకోవడానికైతే రెడీమేడ్ ప్యాకేజీ చాలు. ఎమ్యులేటర్లన్నీ కలిపి ఇచ్చే రెట్రోపై ఇన్‌స్టాల్ చేస్తే దాని సెటప్ స్క్రిప్టే బైనరీ (ముందే కంపైల్ చేసిన ప్రోగ్రామ్) తెచ్చి పెడుతుంది.

బిల్డ్ చేయక తప్పని సందర్భాలు కొన్ని ఉన్నాయి. మీ గేములో ఉన్న బగ్‌ను గిట్‌లో (సోర్స్ కోడ్ ఉంచే చోట) సరిచేశారు కానీ ప్యాకేజీ ఇంకా పాతదే. మీ ఓఎస్‌కు బైనరీలే లేవు. రెట్రోపై రెడీమేడ్ బైనరీలు చాలాకాలం 32 బిట్ ఓఎస్‌కే వచ్చేవి, 64 బిట్ వాళ్లకు సోర్సే దిక్కుగా ఉండేది. లేదా ఎమ్యులేటర్‌లో మీరే ఏదో మార్చాలనుకుంటున్నారు.

స్పీడు పెరుగుతుందని మాత్రం ఈ పని పెట్టుకోకండి. ఆప్టిమైజేషన్ లెవెల్ రెండు నుంచి మూడుకు మార్చినంత మాత్రాన నత్తనడక గేము పరుగెత్తదు. ఏఆర్ఎమ్ (పై బోర్డుల ప్రాసెసర్ రకం) కోసం రాసిన డైనమిక్ రీకంపైలర్ (గేము కోడ్‌ను ఆడుతుండగానే ఈ ప్రాసెసర్ భాషలోకి మార్చే భాగం) ఆన్ అయిందా లేదా, ప్రాసెసర్‌కు తగిన ప్లాట్‌ఫామ్ పేరు ఇచ్చారా లేదా, తేడా అంతా అక్కడే వస్తుంది. ప్లేస్టేషన్ ఎమ్యులేటర్ పీసీఎస్‌ఎక్స్ రీఆర్మ్‌డ్ చిన్న బోర్డుల మీద కూడా నడవడానికి కారణం ఆ రీకంపైలరూ, నియాన్ (ఒకేసారి చాలా లెక్కలు చేసే ఏఆర్ఎమ్ సదుపాయం) కోడూ.

ఏ బోర్డు మీద ఏది బిల్డ్ అవుతుంది?

ప్రాసెసర్ కంటే ముందు ర్యామ్ చూడండి. ప్రాసెసర్ నెమ్మదైతే టైమ్ పడుతుంది, అంతే. ర్యామ్ చాలకపోతే బిల్డ్ మధ్యలో చచ్చిపోతుంది.

2012లో వచ్చిన మొదటి మోడల్ బీ, 2015 నాటి పై జీరో రెండూ ప్రాసెసర్‌లో ఒకే కోర్ ఉన్న ఏఆర్ఎమ్‌వీ6 బోర్డులు. వాటి మీద చిన్న రెట్రోఆర్క్ కోర్లు బిల్డ్ చేసుకోవచ్చు కానీ ఓపిక కావాలి. జీరో 2 డబ్ల్యూలో నాలుగు ప్రాసెసర్ కోర్లు ఉన్నా ర్యామ్ 512 ఎంబీనే. చూడ్డానికి బలంగా కనిపించి బిల్డ్‌లో కుదేలయ్యేది ఇదే. పై 3లో 1 జీబీ. పై 4, పై 5 బోర్డులు 4 జీబీవో అంతకు మించినవో అయితే దాదాపు అన్నీ హాయిగా అవుతాయి. రెట్రోఆర్క్ నిమిషాల పని. పూర్తి మేమ్ అయితే గంటల లెక్క.

ఓఎస్ 32 బిట్టా, 64 బిట్టా?

పై 4, పై 5 అయితే 64 బిట్. పై 3, జీరో 2 డబ్ల్యూ అయితే 32 బిట్ ఇంకా అర్థవంతమే, ఎందుకంటే ప్రోగ్రాములు కొంత తక్కువ ర్యామ్ వాడతాయి. పైగా కొన్ని పాత కోర్లలో అసెంబ్లీ కోడ్ 32 బిట్‌కు మాత్రమే రాసి ఉంది.

ఇక్కడ చాలామందిని బోల్తా కొట్టించే సంగతి ఒకటుంది. 2023 నుంచి 32 బిట్ రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ కూడా పై 4 మీద 64 బిట్ కెర్నల్‌తోనే (ఓఎస్ మూలభాగం) బూట్ అవుతుంది. అంటే కెర్నల్ 64, పైనున్న ప్రోగ్రాములు, కంపైలర్ అంతా 32. యూనేమ్ హైఫన్ ఎమ్ కొడితే "ఆర్చ్64" అని వస్తుంది. బిల్డ్ స్క్రిప్టు అది నమ్మి 64 బిట్ ఫ్లాగులు కంపైలర్‌కు ఇస్తుంది, కంపైలర్ అవి నాకు తెలియవని ఆగిపోతుంది. తప్పు సోర్స్ కోడ్‌ది కాదు. నిజం తెలియాలంటే డీపీకేజీ ప్రింట్ ఆర్కిటెక్చర్ కమాండ్ కొట్టండి. "ఆర్మ్‌హెచ్ఎఫ్" అని వస్తే మీది 32 బిట్టే. కాన్ఫిగ్ టీఎక్స్‌టీ ఫైల్లో ఆర్మ్ అండర్‌స్కోర్ 64బిట్ విలువను సున్నా చేసి రీబూట్ చేస్తే కెర్నల్ కూడా 32కి వస్తుంది. లేదంటే మేక్‌కు (బిల్డ్ నడిపే కమాండ్) ప్లాట్‌ఫామ్ పేరు మీరే చెప్పండి.

ముందుగా ఏమేం ఇన్‌స్టాల్ చేసుకోవాలి?

బిల్డ్-ఎసెన్షియల్, గిట్, పీకేజీ-కాన్ఫిగ్, ఎస్‌డీఎల్2 డెవలప్‌మెంట్ ప్యాకేజీ. మిగతావి ఒక్కొక్కటిగా వెతికే బదులు ఒక దగ్గరి దారి ఉంది. రెట్రోఆర్క్, మేమ్ రెండూ డెబియన్ రిపాజిటరీలో ఉన్నాయి కాబట్టి, ఆప్ట్ సోర్స్ లిస్టులో డెబ్-ఎస్‌ఆర్‌సీ లైన్లు ఆన్ చేసి, ఆప్ట్ బిల్డ్-డెప్ పక్కన ఆ ప్యాకేజీ పేరు ఇవ్వండి. కావాల్సిన లైబ్రరీలన్నీ ఒకేసారి దిగుతాయి.

తర్వాత కూడా ఏదో హెడర్ ఫైల్ దొరకలేదని ఎర్రర్ వస్తే, ఆ లైబ్రరీ ఉండి దాని "డెవ్" ప్యాకేజీ లేదని అర్థం. ఏ ప్యాకేజీలో ఆ ఫైల్ ఉందో ఆప్ట్-ఫైల్ చెబుతుంది.

సోర్స్ దించేటప్పుడు గిట్ క్లోన్‌కు డెప్త్ 1 ఇవ్వండి. ఏళ్ల నాటి చరిత్ర మొత్తం మీ మెమరీ కార్డులోకి ఎందుకు? పీఎస్‌పీ ఎమ్యులేటర్ పీపీఎస్‌ఎస్‌పీపీ లాంటివాటికి మాత్రం సబ్‌మాడ్యూల్స్ (లోపల కలిసే వేరే ప్రాజెక్టుల కోడ్) కూడా రావాలి, రికర్సివ్ ఆప్షన్ మరిచిపోవద్దు.

పెన్‌డ్రైవ్‌లో పెట్టి బిల్డ్ చేయొచ్చా?

చేయొచ్చు, అది ఈఎక్స్‌టీ4గా ఫార్మాట్ చేసి ఉంటే. కొనగానే ఉండే ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్‌లలో సింబాలిక్ లింకులు ఉండవు, ఫైలుకు ఎగ్జిక్యూట్ పర్మిషన్ నిలవదు. కాన్ఫిగర్ స్క్రిప్టు దగ్గరే "పర్మిషన్ డినైడ్" అంటుంది.

కంపైల్ మధ్యలో "కిల్డ్" అని వచ్చి ఆగిపోతోంది. కోడ్‌లో తప్పుందా?

లేదు. ర్యామ్ అయిపోయింది. సీసీ1ప్లస్ అనే ప్రాసెస్‌ను ఏదో సిగ్నల్ చంపిందని ఆ లైన్‌లో ఉంటుంది. సీ ప్లస్ ప్లస్ కంపైలర్ అసలు పని చేసేది ఆ ప్రాసెసే. మెమరీ నిండిపోయినప్పుడు లినక్స్ కెర్నల్ అన్నిటికంటే ఎక్కువ తింటున్నవాణ్ణి చూసి చంపేస్తుంది, ఆ సమయంలో అది కంపైలరే అవుతుంది. డీమెసేజ్ కమాండ్ కొట్టి చూస్తే "అవుట్ ఆఫ్ మెమరీ" లైన్ కనబడుతుంది.

మొదట చేయాల్సింది జాబ్‌లు తగ్గించడం. ఎక్కడ చూసినా మేక్ హైఫన్ జె 4 అనే రాసి ఉంటుంది, కోర్లు నాలుగున్నాయి కదా అని. కానీ నాలుగు జాబులంటే నాలుగు కంపైలర్లు ఒకేసారి ర్యామ్ పంచుకోవడం. మేమ్‌లో కొన్ని ఫైళ్లకు ఒక్క కంపైలరే 1 జీబీ దాటి తింటుంది. లువా స్క్రిప్టింగ్ కోసం ఉన్న ఫైళ్లు ఈ విషయంలో పేరుమోసినవి. 4 జీబీ బోర్డు మీద కూడా అలాంటివి ఒకేసారి తగిలితే కథ ముగిసినట్టే. మేక్ ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే మళ్లీ మొదలెడుతుంది కాబట్టి, ముందు జె 4తో పోనిచ్చి, చచ్చిపోతే జె 1తో ఆ ఒక్క ఫైలూ దాటించి, మళ్లీ జె 4కి రావచ్చు. మొరటు పద్ధతే కానీ పనిచేస్తుంది.

రెండోది స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్క్ స్థలం) పెంచడం. బుక్‌వార్మ్ అనే వెర్షన్ వరకూ ఉన్న రాస్ప్‌బెర్రీ పై ఓఎస్‌లో ఈటీసీ కింద డీఫిస్-స్వాప్‌ఫైల్ అనే ఫైల్ ఉంటుంది, అందులో కాన్ఫ్ స్వాప్‌సైజ్ విలువ మార్చి సర్వీస్ రీస్టార్ట్ చేయాలి. మామూలుగా ఉండేది చాలా తక్కువ. దాన్ని 2048 చేయండి. అంతకు మించి కావాలంటే కాన్ఫ్ మ్యాక్స్‌స్వాప్ కూడా పెంచాలి, లేకపోతే 2048 దగ్గరే కత్తిరిస్తుంది.

స్వాప్ మెమరీ కార్డు మీదే ఉంటుందని గుర్తుపెట్టుకోండి. గంటల తరబడి దాని మీద రాస్తూ ఉంటే కార్డు ఆయుష్షు తగ్గుతుంది, బిల్డ్ కూడా పాకుతుంది. యూఎస్‌బీ ఎస్‌ఎస్‌డీ ఉంటే స్వాప్, సోర్స్ రెండూ అక్కడ పెట్టండి. లేకపోతే ర్యామ్‌లోనే కుదించి దాచే జెడ్‌ర్యామ్ పెట్టుకోండి. పని అయ్యాక స్వాప్‌ను మళ్లీ తగ్గించండి.

ఇంకొకటి: డెస్క్‌టాప్ మూసేయండి. బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరిచి పక్కన మేమ్ బిల్డ్ పెట్టి, ఆగిపోయిందంటే ఎలా? కన్సోల్‌కు బూట్ చేసి, ఎస్‌ఎస్‌హెచ్‌లోంచి టీమక్స్ లోపల బిల్డ్ మొదలుపెడితే, కనెక్షన్ తెగినా బిల్డ్ నడుస్తూనే ఉంటుంది.

నాకు కావాల్సింది "ముస్తఫా" ఒక్కటే. దానికి మేమ్ మొత్తం బిల్డ్ చేయాలా?

అక్కర్లేదు. నా దృష్టిలో ఈ పేజీలో అన్నిటికంటే పనికొచ్చే జవాబు ఇదే.

తెలియనివాళ్ల కోసం: మన ఊళ్లలో వీడియోగేమ్ షాపుల్లో "ముస్తఫా" అని పిలిచిన గేము అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్. క్యాప్‌కామ్ 1993లో తెచ్చింది. అందులో పసుపు టోపీవాడి పేరు ముస్తఫా కైరో, గేముకే ఆ పేరు స్థిరపడిపోయింది. మేమ్‌లో వెతికితే ముస్తఫా అని దొరకదు, సెట్ పేరు "డైనో".

మేమ్‌లో వేలాది మెషిన్లు ఉన్నాయి. 1997లో నికోలా సాల్మోరియా మొదటి వెర్షన్ తెచ్చినప్పుడు పాక్‌మ్యాన్ లాంటి కొన్ని గేములే. 2015లో హోమ్ కంప్యూటర్లు, కన్సోల్‌ల కోసం ఉన్న మెస్ ప్రాజెక్టు కూడా ఇందులో కలిసింది. అదంతా మీకెందుకు? మేక్‌కు సోర్సెస్ అనే ఆప్షన్ ఉంది. దానికి ఒక డ్రైవర్ ఫైల్ పేరిస్తే, దానికి అవసరమైన భాగాలు మాత్రమే వెతికి బిల్డ్ చేస్తుంది. ముస్తఫా సీపీఎస్1 అనే క్యాప్‌కామ్ ఆర్కేడ్ బోర్డు గేము, కాబట్టి క్యాప్‌కామ్ ఫోల్డర్‌లోని సీపీఎస్1 ఫైల్ ఇవ్వాలి. 2022 కంటే ముందు రాసిన గైడ్లలో డ్రైవర్స్ ఫోల్డర్ అని ఉంటుంది. తర్వాత ఫైళ్లను కంపెనీల వారీగా సర్దారు, పాత దారి ఇస్తే దొరకదు.

దానితోపాటు సబ్‌టార్గెట్ అనే ఆప్షన్‌కు మీకు నచ్చిన చిన్న పేరు పెట్టండి, ప్రోగ్రామ్ ఆ పేరుతోనే వస్తుంది. యూజ్ క్యూటీడీబగ్ విలువ సున్నా చేస్తే క్యూటీ లైబ్రరీల గోల ఉండదు. ఆప్షన్లు మార్చిన ప్రతిసారీ రీజీనీ విలువ 1 ఇవ్వాలి, లేకపోతే పాత ఫైళ్లతోనే పోతుంది. లింక్ దశలో ఏదైనా ఫంక్షన్ దొరకలేదంటే అది ఉన్న ఫైలును కూడా కామా పెట్టి సోర్సెస్‌లో చేర్చండి. ఇలా చేస్తే గంటల పని బాగా తగ్గుతుంది. స్ట్రీట్ ఫైటర్ 2 కూడా సీపీఎస్1దే కాబట్టి అది ఉచితంగా కలిసొస్తుంది.

అసలు మేమే ఎందుకు అంటారా, నేనూ అదే అంటాను. పై 3 లాంటి బోర్డు మీద ఇదే గేముకు ఎఫ్‌బీనియో కోర్ తేలిక. ఇంకా బలహీనమైన బోర్డుకు "ఎఫ్‌బీ ఆల్ఫా 2012" అనే కోర్ నుంచి సీపీఎస్1 గేముల కోసమే విడదీసిన చిన్న కోర్ ఉంది.

బిల్డ్ అయింది, కానీ రోమ్ ఫైళ్లు లేవంటోంది. జిప్ అక్కడే ఉంది కదా?

రోమ్ అంటే గేము చిప్‌లలోని డేటా కాపీ. జిప్ ఉంది, లోపలి ఫైళ్లు ఆ వెర్షన్ అడిగేవి కావు. ఆర్కేడ్ ఎమ్యులేటర్లలో రోమ్ సెట్‌కు, ప్రోగ్రామ్‌కు వెర్షన్ కలవాలి. మేమ్ 2003 కోర్ 0.78 సెట్ అడుగుతుంది, మేమ్ 2010 కోర్ 0.139 అడుగుతుంది, ఇప్పటి మేమ్, ఎఫ్‌బీనియో తాజా సెట్లు అడుగుతాయి. ముస్తఫాకు కొత్త మేమ్‌లో క్యూసౌండ్ అనే సౌండ్ చిప్ జిప్ కూడా విడిగా ఉండాలి. చాలామంది డైనో జిప్ దగ్గరే వెతికి అలసిపోతారు.

నింటెండో, సెగా కార్ట్రిడ్జ్ గేములకు ఈ బాధ లేదు.

బీసీఎమ్ హోస్ట్ హెడర్ దొరకలేదని వస్తోంది.

పై 1 నుంచి 3 దాకా పాత ఓఎస్‌లలో గ్రాఫిక్స్‌కు బ్రాడ్‌కామ్ సొంత లైబ్రరీలు ఉండేవి, ఆప్ట్ వీసీ అనే ఫోల్డర్‌లో. ఇప్పుడు ఆ దారి మూసేశారు. కొత్త ఓఎస్‌లలో మీసా అనే గ్రాఫిక్స్ డ్రైవర్లు, కేఎమ్‌ఎస్ (కెర్నల్ ద్వారానే స్క్రీన్ నడిపే పద్ధతి) వాడాలి. రెట్రోఆర్క్ కాన్ఫిగర్ చేసేటప్పుడు వీడియోకోర్ డిసేబుల్ చేసి, కేఎమ్‌ఎస్, ఈజీఎల్, ఓపెన్‌జీఎల్ ఈఎస్ ఎనేబుల్ చేయండి. మీరు చదువుతున్న గైడ్‌లో ఆ పాత దారికి చెందిన డిస్ప్‌మ్యాన్‌ఎక్స్ అనే మాట ఉంటే ఆ గైడ్ పక్కన పెట్టేయడమే మంచిది.

రెట్రోఆర్క్ తెరిస్తే నల్ల స్క్రీనే, లేదా వీడియో డ్రైవర్ దొరకలేదని ఎర్రర్.

మూడు చోట్ల చూడండి. లిబ్‌డీఆర్‌ఎమ్, జీబీఎమ్ డెవలప్‌మెంట్ ప్యాకేజీలు లేకపోతే కాన్ఫిగర్ గోల చేయకుండా కేఎమ్‌ఎస్‌ను వదిలేసి ముందుకెళుతుంది. అందుకే కాన్ఫిగర్ చివర్లో వచ్చే లిస్టు చదవాలి. రెండు, డెస్క్‌టాప్ నడుస్తుంటే స్క్రీన్ దాని చేతిలో ఉంటుంది. కేఎమ్‌ఎస్‌తో మాత్రమే బిల్డ్ చేసిన ప్రోగ్రామ్ కన్సోల్ నుంచే తెరవాలి. డెస్క్‌టాప్‌లోంచే ఆడాలంటే వేలాండ్, ఎక్స్11 సపోర్టు కూడా పెట్టి బిల్డ్ చేయండి. మూడు, మీ యూజర్ వీడియో, రెండర్, ఇన్‌పుట్ గ్రూపుల్లో ఉండాలి. ఇన్‌పుట్ లేకపోతే స్క్రీన్ వస్తుంది, జాయ్‌స్టిక్ పలకదు.

పై 5లో మాత్రమే కొన్ని కోర్లు క్రాష్ అవుతున్నాయి. పై 4లో బాగానే ఉన్నాయే?

పై 5 మామూలుగా వాడే కెర్నల్ మెమరీని 16 కేబీ పేజీలుగా చూస్తుంది. పాత బోర్డులన్నీ 4 కేబీ. మెమరీ మ్యాపింగ్‌లో 4 కేబీ అనే లెక్క గట్టిగా పెట్టుకుని రాసిన రీకంపైలర్లు అక్కడ తడబడతాయి. కాన్ఫిగ్ టీఎక్స్‌టీలో కెర్నల్ అనే సెట్టింగుకు కెర్నల్8 డాట్ ఐఎమ్‌జీ అని ఇచ్చి రీబూట్ చేస్తే 4 కేబీకి వస్తుంది. క్రాష్ ఆగిందంటే కారణం ఇదే.

స్నేహితుడు బిల్డ్ చేసిన కోర్ కాపీ చేసుకుంటే "ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్" అంటోంది.

ఆయన తన ప్రాసెసర్‌కు తగ్గట్టు బిల్డ్ చేశాడు. పై 4లోని కార్టెక్స్ ఏ72 కోసం, లేదా "నేటివ్" ఫ్లాగుతో చేసినది పాత బోర్డుకు రావాలని లేదు. నలుగురికీ ఇవ్వాలంటే అందరిలో బలహీనమైన బోర్డును చూసి ఫ్లాగులు పెట్టాలి.

జీఎల్‌ఐబీసీ (ప్రోగ్రాములన్నీ వాడే మూల లైబ్రరీ) వెర్షన్ దొరకలేదని వస్తే అది వేరే సంగతి. ఆయన ఓఎస్ మీదానికంటే కొత్తది. బుక్‌వార్మ్‌కు ముందు వచ్చిన బుల్స్ఐలో ఉన్నది 2.31, బుక్‌వార్మ్‌లో 2.36. పాతదాని మీద బిల్డ్ చేసింది కొత్తదాని మీద సాధారణంగా నడుస్తుంది, కొత్తదాని మీద చేసింది పాతదాని మీద నడుస్తుందన్న భరోసా లేదు.

ల్యాప్‌టాప్‌లో బిల్డ్ చేసి బోర్డుకు పంపొచ్చా?

పంపొచ్చు. డెబియన్, ఉబుంటులో ఆర్మ్64 క్రాస్ కంపైలర్ ప్యాకేజీ ఉంది. కోర్లకు అది సులువు, ఎందుకంటే అవి బయటి లైబ్రరీల మీద పెద్దగా ఆధారపడవు. రెట్రోఆర్క్‌కు మాత్రం బోర్డు మీద ఉన్న లైబ్రరీలన్నీ ల్యాప్‌టాప్‌లో కూడా ఆర్మ్ రకంలో ఉండాలి, తలనొప్పి అక్కడ మొదలవుతుంది. ఒకసారి చేసే పనికైతే బోర్డునే రాత్రంతా వదిలేయడం నయం.

బోర్డు బాగా వేడెక్కుతోంది. ప్రమాదమా?

కాలిపోదు, నెమ్మదిస్తుంది. 80 డిగ్రీల దగ్గర తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. గేము ఆడేటప్పుడు కనిపించని వేడి బిల్డ్‌లో కనిపిస్తుంది, నాలుగు కోర్లూ గంటల తరబడి పూర్తిగా పనిచేస్తాయి కాబట్టి. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో మూసేసిన ప్లాస్టిక్ కేసులో బోర్డు పెట్టి మేమ్ బిల్డ్ చేస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా? కేసు మూత తీసి ఫ్యాన్ కింద పెట్టండి. హీట్ సింక్ అతికిస్తే ఇంకా మంచిది, హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో వెతకండి.

ఉష్ణోగ్రత కంటే ఎక్కువమందికి ఉన్న సమస్య కరెంటు. వీసీజెన్‌కమాండ్‌కు గెట్ థ్రాటిల్డ్ ఇచ్చి చూడండి. సున్నా వస్తే అంతా బాగున్నట్టు. 50005 వస్తే ఆ క్షణంలోనే వోల్టేజీ చాలక వేగం తగ్గించిందని అర్థం. పై 4కు 5.1 వోల్టులు, 3 ఆంపియర్లు ఇచ్చే అడాప్టర్ కావాలి, పై 5కు 5 ఆంపియర్లది. ఇంట్లో పడున్న ఫోన్ ఛార్జరుతో బిల్డ్ చేస్తే, ఒక్కోసారి అర్థంపర్థం లేని కంపైలర్ ఎర్రర్లు వస్తాయి, మళ్లీ మేక్ కొడితే వేరే ఫైల్ దగ్గర ఆగుతుంది. అలా చోటు మారుతూ ఉంటే కోడ్‌ను కాదు, అడాప్టర్‌ను అనుమానించండి.

"క్లాక్ స్క్యూ" అంటే ఏంటి?

బోర్డు తేదీ, ఫైళ్ల తేదీలు కలవడం లేదని మేక్ ఇచ్చే హెచ్చరిక ఇది. పై 4 వరకూ బోర్డుల్లో గడియారం చిప్ లేదు. పై 5లో ఉంది కానీ బ్యాటరీ పెట్టాలి. నెట్ లేకుండా ఆన్ చేస్తే తేదీ వెనక్కి పోతుంది, ఫైళ్లు భవిష్యత్తులోవని మేక్ గందరగోళపడుతుంది. తేదీ కలిశాక మేక్ క్లీన్ కొట్టి మళ్లీ చేయండి.

ఇన్‌స్టాల్ చేశాక కూడా పాత వెర్షనే తెరుచుకుంటోంది.

మీరు బిల్డ్ చేసింది యూఎస్‌ఆర్ లోకల్ కింద చేరుతుంది, ఆప్ట్‌తో వచ్చినది యూఎస్‌ఆర్ బిన్‌లో ఉంటుంది, రెట్రోపైది ఆప్ట్ రెట్రోపై ఫోల్డర్‌లో ఉంటుంది. రెట్రోపైలో గేములు ఎంచుకునే ఎమ్యులేషన్‌స్టేషన్ మెనూ పిలిచేది రెట్రోపైదాన్ని. విచ్ కమాండ్‌తో ఏది తెరుచుకుంటోందో చూసి, అక్కర్లేనిది తీసేయండి. కోర్ అయితే కొత్త ఎస్‌ఓ ఫైలును రెట్రోఆర్క్ సెట్టింగుల్లో ఉన్న కోర్స్ ఫోల్డర్‌లోకి కాపీ చేయాలి. దానికి తగిన ఇన్ఫో ఫైల్ కూడా ఉంటేనే మెనూలో పేరు సరిగ్గా వస్తుంది.

ఇదంతా చట్టబద్ధమేనా?

ఎమ్యులేటర్ బిల్డ్ చేయడం, వాడటం తప్పు కాదు. 2000లో అమెరికాలో సోనీ, కనెక్టిక్స్ కేసులో అప్పీలు కోర్టు ఎమ్యులేటర్ తయారీదారుకే అనుకూలంగా తీర్పిచ్చింది. గేము రోమ్‌లు వేరే విషయం, వాటికి కాపీరైట్ ఉంటుంది. మేమ్ సైట్‌లో గ్రిడ్లీ, రోబీ రోటో లాంటివి కొన్ని వ్యాపారేతర వాడకానికి హక్కుదారుల అనుమతితో పెట్టారు. బిల్డ్ సరిగ్గా వచ్చిందా అని పరీక్షించడానికి అవి చాలు.

అమ్మకం సంగతి వేరు. మేమ్ 2016 నుంచి జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు కింద ఉంది, కానీ సూపర్ నింటెండో ఎమ్యులేటర్ స్నెస్9ఎక్స్, ఎఫ్‌బీనియో లైసెన్సులు వ్యాపారానికి ఒప్పుకోవు. బోర్డులో గేములు నింపి అమ్మే ఆలోచన ఉంటే అక్కడే ఆపండి.

బిల్డ్ అయ్యాక సోర్స్ ఫోల్డర్ తీసేయొచ్చా?

కోర్ల సోర్స్ తీసేయండి, మళ్లీ దించడం పెద్ద పనేం కాదు. మేమ్ ఫోల్డర్ మాత్రం చోటుంటే ఉంచండి. తర్వాత గిట్ పుల్ చేసినప్పుడు మారిన ఫైళ్లే బిల్డ్ అవుతాయి. తీసేయక తప్పకపోతే ముందుగా సీక్యాష్ (కంపైల్ అయిన ఫైళ్లను దాచుకునే ప్రోగ్రామ్) పెట్టుకుని బిల్డ్ చేయండి, దాని ఫోల్డర్ విడిగా ఉంటుంది కాబట్టి రెండోసారి చాలా ఫైళ్లు అందులోంచే వస్తాయి. చివరగా, తయారైన ప్రోగ్రామ్ మీద స్ట్రిప్ కమాండ్ నడిపితే డీబగ్ సమాచారం పోయి సైజు బాగా తగ్గుతుంది.